అరటిపండు పదవి

మా పెరట్లో జారుడుబల్లకి నాలుగు మెట్లున్నాయి. పట్టుకోడానికి రెండు పక్కలా చేతికమ్మీలు, కాలు జారకుండా మెట్టుమెట్టుకీ గరుకు గీతలు, అన్నీ అమర్చే చేశారు. మావాడు ఆ మెట్ల జోలికే పోడు. జారాల్సిన వైపు నుంచి ఎదురెక్కుతాడు. బోర్లా పడుకుని, రెండు అంచులూ గట్టిగా పట్టుకుని, కాలి బొటనవేళ్లు ఆనించి పాకుతాడు. సగం దాకా పోయి సర్రున కిందికొచ్చేస్తాడు. లేస్తాడు, చుట్టూ ఓసారి చూస్తాడు, మళ్లీ మొదలుపెడతాడు. రెండేళ్లు నిండి ఎన్నాళ్లో కాలేదు. "అటు కాదురా, ఇటు" అని నేను అంటూనే ఉంటాను. అంటూ ఉండగా ఒకరోజు నాకే అనుమానమొచ్చింది: అటు ఎందుకు కాదు? ఈ మాట ఎవరి తరఫున అంటున్నాను, బల్ల చేసినవాళ్ల తరఫునా? అయితే నన్ను ఎక్కువ గుచ్చింది ఎదురెక్కడం కాదు, మళ్లీ ఎక్కబోయే ముందు వాడు చుట్టూ చూసే ఆ చూపు. వాడు నాకోసం చూడ్డం లేదు, నేను ఎదురుగానే కూచున్నాను. వాళ్లమ్మ వంటింటి కిటికీలోంచి కనబడుతూనే ఉంది. నానమ్మ అరుగు మీద చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ముగ్గురం వాణ్నే చూస్తున్నాం. వాడి చూపు మాత్రం మా ముగ్గురినీ దాటి సందు చివర గేటు దాకా పోయి వస్తుంది.

ఆ బల్ల ఊరికే రాలేదు. వాడు పడుకున్నాక నేనూ మా ఆవిడా చెరో ఫోనూ పట్టుకుని రాత్రుళ్లు వెతికాం. మా పెళ్లికి పెద్దవాళ్లు కూడా ఇంత వాకబు చేసి ఉండరు. ఆ వెతుకులాటలో తెలిసిన సంగతులు కొన్ని నిజంగా పనికొచ్చేవే. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో పద్నాలుగేళ్లలోపు పిల్లల ఆటవస్తువులకి ఐఎస్ఐ గుర్తు ఉండి తీరాలి. ఐఎస్ 9873 అనే ప్రమాణంలో నాలుగో భాగమంతా ఇంట్లోనూ పెరట్లోనూ వాడుకునే ఉయ్యాలలూ జారుడుబల్లల గురించే. పెట్టె మీద ఆ గుర్తుందో లేదో చూసుకోవడం నిమిషం పని. మిగతాది మన పని: సిమెంటు గచ్చు మీద పెట్టకూడదు, మట్టో గడ్డో ఇసకో ఉన్నచోట పెట్టాలి. చుట్టూ ఆరడుగుల మేర గోడగానీ గట్టుగానీ బట్టలుతికే బండగానీ ఉండకుండా చూసుకోవాలి. మా పెరట్లో ఒక జామ, రెండు కొబ్బరిచెట్లు, కరివేపాకు, బండ, సంపు. ఆరడుగులు ఎటు కొలిచినా ఏదో ఒకటి అడ్డం. చివరికి జామచెట్టుకి పడమటి పక్కన చోటు దొరికింది. అంటే పొద్దుటిపూట నీడ ఉంటుంది. రాజమండ్రి ఎండల గురించి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, ఏప్రిల్లో పది దాటాక ఆ ప్లాస్టిక్ మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. పసివాళ్ల చర్మం మనదానికన్నా పల్చన. అందుకని వేసవంతా మా పెరడు పొద్దున్నే కాసేపు, సాయంత్రం అయిదు దాటాక కాసేపు. మధ్యలో వాడు ఇంట్లో సోఫాలెక్కుతాడు. ఒకటీ రెండేళ్ల పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మావాడు ఆ కోటా మా కాఫీల వేళకే పూర్తిచేసేస్తాడనిపిస్తుంది.

బల్ల వచ్చిన అట్టపెట్టె ఇంకా అటక మీద ఉంది. దాని మీద బొమ్మ నాకు తరచూ గుర్తొస్తుంది. పచ్చటి గడ్డి, ఎర్రటి జారుడుబల్ల, దాని మీద ఒకే ఒక్క పిల్లాడు, కింద చప్పట్లు కొడుతున్న అమ్మా నాన్నా. ఆడేది ఒకరు, చూసేది ఇద్దరు. ఫోన్లో మేం చూసిన బొమ్మలన్నీ దాదాపు అలాంటివే. ఒంటి కుర్చీ ఉయ్యాల, ఒక్కడు తొక్కే మూడుచక్రాల బండి, ఒక్కడు కూచునే కారు. పెరటి కోసం అమ్మే వస్తువంతా ఒక్క బిడ్డ కొలతకే ఎందుకు కుట్టినట్టుంటుందీ అని అప్పుడు తోచలేదు. తోచకపోవడంలో వింతేమీ లేదు, మాకున్నది ఒక్కడే.

మాది కోనసీమ. అక్కడ నా చిన్నప్పుడు ఆరుబయట ఆడుకునే వస్తువుని ఎవరైనా డబ్బిచ్చి కొన్నట్టు నాకు గుర్తు లేదు. కొబ్బరిచెట్టు నుంచి మట్ట రాలితే చాలు. ఆకుల మీద చిన్నవాణ్ని కూచోబెట్టి, మట్ట మొదలు పట్టుకుని పెద్ద పిల్లలు ఇసకలో లాక్కుపోయేవాళ్లు. మలుపు తిప్పేచోట చిన్నవాడు దొర్లిపోయేవాడు. ఏడిస్తే ఇంకోసారి ఎక్కించుకునేవాళ్లు, ఎక్కువ ఏడిస్తే ఇంట్లో దింపేసి పోయేవాళ్లు. వేసవిలో ముంజెలు తినేసిన తాటికాయలు రెంటిని పుల్లతో కలిపి, పంగలకర్రతో తోస్తే అది బండి. కొబ్బరాకుతో బూర, గిరగిర తిరిగే పంకా, చేతికి వాచీ. ఆ వాచీ నా చేతికి ఎవరో కట్టినట్టు గుర్తుంది గానీ, నేనే చేసుకున్నట్టు గుర్తు లేదు. ఇప్పుడు ఆలోచిస్తే తమాషాగా ఉంటుంది. ఈ వస్తువుల్లో ఏ ఒక్కటీ రెండేళ్లవాడు తనంతట తాను చేసుకోలేడు, ఆడించుకోలేడు. మట్ట దానంతటది కదలదు. మరి ఆ ఆటలో చిన్నవాడి ఆటవస్తువు ఏది? మట్టా, లేక దాన్ని లాగే తొమ్మిదేళ్ల అన్నయ్యా? మా నాన్న మాతో ఆడినట్టు నాకు జ్ఞాపకం లేదు. దాన్నొక లోటుగా అనుకున్నట్టూ జ్ఞాపకం లేదు. ఆయన జీతగాళ్లతో చేలోకి పోయేవాడు, మేం మట్ట లాగేవాళ్ల వెంట పోయేవాళ్లం.

కొన్న బొమ్మలూ ఉండేవి, కానీ అవన్నీ నీడపట్టునవి. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కర్రతో తేలిగ్గా చెక్కి రంగులేసినది, దాని చోటు బొమ్మల కొలువు. ఏటికొప్పాక బొమ్మ అంకుడు కర్రని తరిణె పట్టి లక్క పూసినది, నున్నగా నోట్లో పెట్టుకోబుద్ధేస్తుంది. ఆ ఊళ్లో సి.వి.రాజు గారు చెట్ల నుంచి తీసిన రంగుల్ని మళ్లీ వాడుకలోకి తెచ్చారు, 2023లో పద్మశ్రీ వచ్చింది. మావాడికీ ఏటికొప్పాక గిలక ఒకటుంది. దాన్ని పెరట్లో పడేసి రెండు వానలు తడవనిచ్చే ధైర్యం నాకు లేదు. మన పేరున్న బొమ్మలకి అలమరలో పీట ఉంది, గూట్లో పీట ఉంది, వాకిట్లో లేదు. వాకిలి పిల్లలు చూసుకునేవాళ్లు. పెద్దవాళ్ల డబ్బు, పెద్దవాళ్ల అభిరుచి అక్కడిదాకా వచ్చేవి కావు.

ఇప్పుడొచ్చాయి. ఎందుకొచ్చాయంటే ఆ పిల్లలు లేరు గనక. 1992-93లో చేసిన మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు. 2019-21 నాటి అయిదో సర్వేకి ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 1.7, తెలంగాణలో 1.8. మా వీధిలో అది ఇంకా తక్కువేమో, ఎక్కడ చూసినా ఒక్కో ఇంటికి ఒక్కో పిల్ల, లేదా ఒక ముసలి జంట, గోడమీద అమెరికా ఫొటో. దాని మీద నాకు ఫిర్యాదేమీ లేదు. మేమూ అందులో భాగమే, రెండోవాడి ఆలోచన మాకు లేదు. కానీ ఖాళీ అయిన చోటుని ఏదో ఒకటి నింపాలి కదా. అన్నయ్యలు లేనిచోట ప్లాస్టిక్ ఏనుగుమొహం జారుడుబల్ల నిలబడింది. ఇలా అనుకుంటే మొన్నటి తరం రేడియో గుర్తొస్తుంది. మద్రాసు రేడియోలో పిల్లల కార్యక్రమం నడిపిన న్యాయపతి రాఘవరావు గారు, కామేశ్వరి గారు తెలుగు పిల్లలందరికీ అన్నయ్య, అక్కయ్య. మాస్టారూ కాదు, బాబాయీ పిన్నీ కూడా కాదు. పిల్లల మధ్యకి పోవాలంటే ఏ వరసలో పోవాలో వాళ్లకి తెలుసు.

ఇదంతా ఓ సాయంత్రం కాస్త ఉద్వేగంగానే మా అమ్మకి చెప్పాను. కొబ్బరిమట్ట, ఇసక, అన్నయ్యలు, అక్కయ్యలు. ఆవిడ చిక్కుడుకాయ మీంచి చూపు తిప్పకుండా విని, "మట్ట లాగింది నేనేరా. ఎక్కిందెప్పుడు?" అంది. నలుగురి తరవాత పుట్టిన తమ్ముడికి ఆవిడ ఆయా. అయిదో తరగతి తరవాత బడి మానిపించారు. వాణ్ని చంకనేసుకునే తొక్కుడుబిళ్ల ఆడేదట, గెంతితే వాడు ఏడ్చేవాడట, అందుకని ఎప్పుడూ ఓడిపోయేదట. తమ్ముడికి ఆ రోజులు బంగారం, ఇప్పటికీ మా మావయ్య పండక్కి వస్తే ఆ కబుర్లే చెబుతాడు. అమ్మ నవ్వి ఊరుకుంటుంది. నాకు ఆ నవ్వు ఇన్నాళ్లకి వినబడింది. మనం తలుచుకుని మురిసిపోయే ఉమ్మడి వాకిలి కింద ఇలా ఎంతమంది ఆడపిల్లల బడి పలకలు ఉన్నాయో! 1975 అక్టోబరు 2న అంగన్‌వాడీల పథకం మొదలైంది. చంటిబిడ్డలకి తిండీ టీకాలూ అని మనం అనుకుంటాం గానీ, చంటివాణ్ని చూసుకునే చోటు ఊళ్లో ఒకటుంటే వాడి అక్క బడికి పోగలుగుతుంది. అది చిన్న సంగతి కాదు. కనుక అన్నయ్యలూ అక్కయ్యలూ కావాలని నేను బెంగపడుతున్నప్పుడు, ఎవరి బాల్యంలోంచి నా బిడ్డకి వాటా అడుగుతున్నానో కూడా చూసుకోవాలి.

పాతదంతా మేలన్న భ్రమకి ఇంకో విరుగుడు మా గోడవారనే ఉండేది. పచ్చగన్నేరు కాయల పెంకులతో మేం అచ్చనగాయలాడాం. గురివింద గింజలు డబ్బాల్లో దాచుకుని వామనగుంటలు ఆడాం. రెండూ విషమే. పచ్చగన్నేరు గింజ గుండె మీద దెబ్బకొడుతుంది. గురివింద గింజ మింగితే పెంకు మూలంగా ఒక్కోసారి బయటపడొచ్చేమో గానీ నమిలితే ప్రాణం మీదికొస్తుంది. నోరే చెయ్యిగా బతికే రెండేళ్లవాడి దగ్గర ఇవి ఉండకూడదు. పక్కనే కడియం నర్సరీలుండబట్టి మా ఊళ్లో మొక్కలకి కొదవ లేదు. ఎవరింటికి వెళ్లినా తెల్లమచ్చల ఆకుల డిఫెన్‌బాకియా కుండీ ఒకటి మెట్ల దగ్గర ఉంటుంది. దాని ఆకు కొరికితే నోరూ నాలుకా వాచిపోతాయి. ఎడారి గులాబీ పాలు కూడా మంచివి కావు. మొన్న నర్సరీకి పోయి, ఇంట్లో పిల్లాడున్నాడు, ఏం మొక్కలు పెట్టమంటావయ్యా అంటే, అక్కడి కుర్రాడు "మందారం పెట్టుకోండి సార్, తిన్నా ఏంకాదు" అన్నాడు. అంతకన్నా మంచి సలహా మాకు ఫోన్లో దొరకలేదు. పచ్చగన్నేరు కొట్టించేశాం. నీళ్ల సంగతి మరీ భయం. పసివాడి తల ఒంటి కొలతకి బరువెక్కువ, సగం నీళ్లున్న బకెట్లోకి తలకిందులుగా పడితే తిరిగి లేవలేడు. జానెడు లోతు అక్కర్లేదు. సంపు మూత మీద మేం పెట్టిన రాయి తీసేసి తాళం వేయించాం, ఎందుకంటే రాయిని పక్కింటి పిల్లలైనా దొర్లించగలరు.

చదువుకున్నవాళ్లు ఏమన్నారో కూడా కొంత చూశాను, ఊరికే ఉండలేక. 1943లో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న కోపెన్‌హాగెన్‌లో సోరెన్‌సెన్ అనే తోటల శిల్పి ఎమ్డ్రప్ అనే చోట ఒక ఆటస్థలం పెట్టించాడు. అందులో ఉయ్యాలా జారుడుబల్లా లేవు. చెక్కలు, ఇటుకలు, పాత సామాను. పిల్లలు కట్టుకున్నారు, పడగొట్టుకున్నారు. 1971లో సైమన్ నికల్సన్ అనే ఆయన విడిభాగాల సిద్ధాంతమని ఒకటి రాశాడు. కదపడానికీ కలపడానికీ వీలున్న వస్తువులు ఎన్ని ఎక్కువుంటే అంత కొత్త ఆట పుడుతుందని సారాంశం. మా తాటికాయల బండికి ఇంగ్లీషులో దస్తావేజు దొరికినంత సంబరపడ్డాను. కానీ వీళ్లు చెబుతున్నది చేతులు ఎదిగిన పిల్లల గురించి. మావాడికి మేకూ సుత్తీ ఇవ్వలేను. రెండేళ్లవాళ్ల గురించి 1932లో మిల్డ్రెడ్ పార్టెన్ రాసినది సరిగ్గా సరిపోయింది. ఈ వయసువాళ్లు ఒకరితో ఒకరు కాదు, ఒకరి పక్కన ఒకరు ఆడతారట. అంటే ఈడువాళ్లని పదిమందిని తెచ్చి వదిలినా పది విడివిడి ఆటలే. ప్లే స్కూలు వరండాలో నేను చూసింది కూడా అదే. అందరూ ఒకే ఎత్తు, అందరికీ ఒకటే ఎర్రబంతి కావాలి, ఒకరికీ తాటికాయల బండి చెయ్యడం రాదు.

ఎదురెక్కడం వాడికెవరు నేర్పారో తరవాత తెలిసింది. మా సందు మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్నాయన సాయంత్రాలు బట్టల మూట తెచ్చిస్తాడు. ఆయన వెంట ఆయన కూతురు, నాలుగో తరగతి. ఆయన బట్టలు లెక్కపెట్టి చెప్పేలోపు ఆ పిల్ల పెరట్లోకి పోయి, జారుడుబల్ల ఏటవాలు మీద రెండంగల్లో పైకెక్కి కూచునేదట. మా ఆవిడ చూసింది. "మెట్లున్నాయి కదమ్మా" అంటే "ఇటైతే బాగుంటది ఆంటీ" అందట. ఇదీ మూలం. అయితే బల్ల మీద చిన్న అక్షరాల్లో ఒక మాట రాసి ఉంది, ఏ వయసు దాటకూడదో, ఎంత బరువు మించకూడదో. నాలుగో తరగతి పిల్ల ఆ హద్దుకి అవతలిది. నిజంగానే బల్ల కిర్రుమంది. దిగమన్నాను. దిగింది. నాకు మాత్రం ఆ రాత మీద కోపం వచ్చింది. మా వాకిట్లో నా కొడుక్కి అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చే మనిషిని ఆ వస్తువు రానివ్వదు. భద్రత కోసమే, తప్పులేదు, అయినా.

ఆ పిల్లకి మా బల్ల పోయినందుకు పెద్ద బాధేమీ లేదు. బొగ్గుముక్కతో బండ పక్క గచ్చు మీద తొక్కుడుబిళ్ల గీసింది. తన తమ్ముణ్ని, ఎదురింటి పిల్లని పిలుచుకొచ్చింది. మావాడు గీతలన్నీ తొక్కుతూ మధ్యలోంచి నడిచాడు. బిళ్ల ఎత్తుకుపోయాడు. ఎదురింటి పిల్ల గొడవ పెట్టబోతే ఆ పిల్ల, "వాడు ఆటలో అరటిపండే, వదిలెయ్" అంది. అంతే, ఆట సాగిపోయింది. మావాడు ఒంటికాలి మీద నిలబడబోయి కూలబడ్డాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ అయ్యో అనలేదు, వాడి వంక ఎవరూ చూడనైనా చూడలేదు. వాడు లేచి మళ్లీ వాళ్ల వెనకే పరిగెత్తాడు. చీకటి పడి ఇంట్లోకి తీసుకొస్తుంటే కాళ్లు తన్నుకుని ఏడ్చాడు. గేటు వైపు వాడు వెతుకుతున్నది దేనికోసమో నాకు అప్పుడు పట్టుబడింది. మా ముగ్గురి కళ్ల ముందు వాడెప్పుడూ కథానాయకుడే. తుమ్మినా వార్తే. పెద్దాట ఒకటి జరుగుతుంటే దాని అంచున, ఓడినా గెలిచినా లెక్కలోకి రాకుండా, నియమాలేమీ తెలియకుండా, కానీ ఆటలోనే ఉండే ఆ అరటిపండు పదవి వాడికి మా ఇంట్లో లేదు. నేనివ్వలేను. నేనెంత గోచీ బిగించి తొక్కుడుబిళ్ల ఆడినా అది వాడికోసం ఆడుతున్న ఆటే, వాడికి తెలియకుండా ఉండదు.

మా అమ్మ అక్కడా వదల్లేదు. "ఆ పిల్ల ఆడుకోడానికొస్తోందా, ఆడించడానికొస్తోందా? చూసుకో" అంది. చూసుకుంటున్నాం. వాళ్లున్నంతసేపూ మాలో ఒకరు పెరట్లోనే ఉంటాం, బిడ్డ బాధ్యత ఆ పిల్లది కాదు. "వాణ్ని కాస్త చూడమ్మా" అనే మాట నోటిదాకా వస్తుంది, మింగేస్తాం. పరీక్షలప్పుడు రాదు, ఎందుకు రాలేదని అడగం. మావాడికి జామముక్కలు కోస్తే అందరికీ కోస్తాం, అదే పళ్లెంలో. ఇంతా చేసి ఇది సమానమైన స్నేహమని నన్ను నేను నమ్మించుకోలేను. వాకిలి మాది, మూట మోసేది వాళ్ల నాన్న. అయినా గేటు మూసేస్తే ఆ తేడా తగ్గదు కదా.

ఉయ్యాల కొనాలన్న ఆలోచన మానేశాం. ఇల్లు కట్టుకునే ఎదురింటివాళ్ల దగ్గర మిగిలిన గోదావరి ఇసక రెండు బస్తాలు తెచ్చి, ఇటుకలు పేర్చి, నలుగురు చుట్టూ కూచునేంత మడి కట్టాం. పెద్ద పిల్లలు పాదం మీద తడి ఇసక కప్పి పిచ్చికగూళ్లు కడతారు, మావాడు వాటిని కూలుస్తాడు. రాత్రి పిల్లులు పాడుచెయ్యకుండా పాత ఫ్లెక్సీ కప్పుతాం. ఇసక తింటున్నాడని మా ఆవిడ మొదట గోలపెట్టింది. ఏడాది నిండిన పిల్లలకి ఫిబ్రవరి 10న ప్రభుత్వం ఇచ్చే నులిపురుగుల మాత్ర ఎలాగూ వేయిస్తాం, తినకుండా చూస్తాం, అంతకుమించి యశోదకే చేతకాలేదు. నాలుగు పాత గిన్నెలు, ఒక గరిటె, నీళ్ల చెంబు, పెద్ద రబ్బరు బంతి. నీళ్లు ఆడినంతసేపే, ఆట కాగానే పారబోయడం. రాలిన కొబ్బరిమట్టలు ఇప్పుడు చెత్తబండికి వెయ్యడం లేదు. వీటిలో దేనికీ వయసు హద్దు రాసి లేదు.

జారుడుబల్లని తిట్టడానికి ఇది రాయలేదు, వాడికది ఇష్టమే, ఉంటుంది. కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడండి, గచ్చు మీద పెట్టకండి, మిట్టమధ్యాహ్నం ఎక్కించకండి. కానీ మీ ఇంట్లోనూ ఒక్కడే ఉంటే, వాడికి తోడు పెద్దవాళ్లే ఉంటే, దుకాణానికి పోయే ముందు రెండు పనులు చెయ్యండి. సంపు మూతకి తాళం వేయించండి. సాయంత్రం అయిదింటికి వీధి గేటు గడియ తీసి పెట్టండి. జారుడుబల్ల పై నెలలో కొన్నా కొంపలేం మునిగిపోవు.